బీరువాలోని ఎనిమిది ల్యాప్‌టాప్‌లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండేళ్ల కింద మా బ్యాచ్ తరఫున బడికి ఎనిమిది పాత ల్యాప్‌టాప్‌లు ఇచ్చాం. శాలువాలు కప్పించుకున్నాం, ఫొటోలు దిగాం. మొన్న జూన్‌లో వచ్చి చూస్తే అవి బీరువాలోనే ఉన్నాయి. తప్పు నాది. మా ఇంట్లో కేబుల్ పెట్టి వాటిలో లినక్స్ మింట్ ఎక్కించాను. వైఫై వస్తుందో లేదో చూడనేలేదు. బడిలో ఉన్నది వైఫై ఒక్కటే.

కొన్ని వైఫై చిప్‌ల డ్రైవర్లు లినక్స్‌తో పాటు రావు, విడిగా దించుకోవాలి. దించడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదన్నట్టు!

మందు మన జేబులోనే ఉంది. ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. ఫోన్‌లోని నెట్ ల్యాప్‌టాప్‌కు వచ్చింది. డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన డ్రైవర్ అదే చూపించింది. ఎక్కించి రీస్టార్ట్ చేయగానే మూలన వైఫై గుర్తు కనబడింది.

తర్వాత టెర్మినల్‌లో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ థోనీ’ అని ఒక్క వరుస కొట్టాను. మొదటిదానితో సీ కంపైలర్ వచ్చింది. థోనీ పిల్లలు పైథాన్ రాసుకునే పలక లాంటిది. రూపాయి ఖర్చు లేదు.

1991లో లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పటికి 21 ఏళ్ల విద్యార్థి, నా ఈడువాడే. మన హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ వాళ్లు దాన్ని తెలుగులోకి తెచ్చారు.

ఆ రోజే తొమ్మిదో తరగతి అమ్మాయి నాలుగు వరుసల్లో పదిహేడో ఎక్కం రాయించింది. రాయించి, “సార్, మళ్ల ఎప్పుడొస్తరు?” అనడిగింది. ల్యాప్‌టాప్‌లు ఇచ్చిన రోజు ఎవరూ అడగని ప్రశ్న అది.

మన పెద్ద చెరువు నిండినా తూము తెరవకపోతే మడికి చుక్క రాదు. యంత్రం ఇచ్చినవాళ్లు దాని పక్కన కొన్నాళ్లు కూర్చోవాలి కూడా. ప్రతి నెలా మొదటి శనివారం నేను ఇక్కడ ఉంటాను. మీలో ఇద్దరు తోడొస్తే ఎనిమిదింటి ముందూ పిల్లలుంటారు. వచ్చేటప్పుడు ఛార్జింగ్ కేబుల్ మరచిపోకండి.