నవోదయ ప్రవేశపరీక్షయు మన విద్యానిధియు
(వర్ని వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగ పాఠము)



విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యవర్గమువారు మమ్ము నాజ్ఞాపించిరి. విద్యామహిమను వర్ణించి మీ కాలమును హరింపము. మీలో బిడ్డను బడికి పంపనివా రెవ్వరును లేరు. కాని మన యిండ్లలో నిపుడొక వాదము నడచుచున్నది. అయిదవ తరగతి బిడ్డలను నవోదయ ప్రవేశపరీక్షకు సిద్ధపఱచుటకై విద్యానిధిని వెచ్చించి శిక్షణాలయము నొకటి పెట్టవలెనని కొందఱు తలిదండ్రులు కోరుచున్నారు. పదియేండ్ల పసివానిని పరీక్షయను గానుగలో పెట్టి పిండుట న్యాయము కాదని మఱికొంద ఱనుచున్నారు. ఉభయులును బిడ్డల మేలు కోరువారే గనుక ఉభయుల మాటలను తూచి చూతము.

ముందుగా నీ యాతురత యెక్కడనుండి వచ్చినదో తెలిసికొందము. మనలో ననేకుల పెద్దలు కృష్ణా, గుంటూరు మండలములనుండి నీటిని వెదకికొనుచు ఈ నేలకు వచ్చిరి. 1923లో నారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము మంజీర జలమును కాలువల కెక్కించినది. వారు క్యాంపులు వేసికొని, తుప్పలు నఱికి, వరియు చెఱకును పండించిరి. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. అది చెఱకునకు బేరమును, పిల్లలకు కొలువును చూపెను. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. అది మొదలు తండ్రికి తోటమీదను, కొడుకునకు కొలువుమీదను ఉండిన ధీమా సడలి, ఆశ యంతయు చదువుమీదికి మఱలినది. కనుక ఈ తలిదండ్రుల ఆరాటమును పరిహసింపరాదు.

ఇక నవోదయమన నేమి? 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి, పల్లెల ప్రతిభావంతులకై జిల్లాకొక్కటి చొప్పున నెలకొల్పబడినవి ఈ విద్యాలయములు. ఉమ్మడి నిజామాబాదు జిల్లాకు నిజాంసాగరమున నొకటి పెట్టిరి. 2016లో జిల్లాలను విభజించిన పిదప ఆ చోటు కామారెడ్డి జిల్లాలో చేరినది. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గ మామోదించిన 28 క్రొత్త నవోదయములలో తెలంగాణమునకు 7 దక్కగా, అందొకటి నిజామాబాదు జిల్లాది. వసతి భోజనములకు రుసుము లేదు. ఆఱవ తరగతి స్థానములు 80కి మించవు. వానిలో నూటికి 75కు తక్కువ గాకుండ పల్లె బిడ్డలకును, మూడవ వంతు బాలికలకును ఈయవలెను. ఒక బిడ్డ యీ పరీక్షను ఒక్కసారి మాత్రమే వ్రాయవచ్చును.

పరీక్ష రెండు గంటలు. ప్రశ్నలు 80, మార్కులు 100. అందు 40 ప్రశ్నలు బొమ్మలను పోల్చి చూచు బుద్ధిపరీక్షకు చెందినవి. వానికి 50 మార్కులు. 20 ప్రశ్నలు అంకగణితము, 20 ప్రశ్నలు భాష. ఒక్కొక్క దానికి 25 మార్కులు. తెలుగులోనే వ్రాయవచ్చును. ఈ లెక్క నెందులకు విప్పి చెప్పితిమనగా, మా సలహా యంతయు దీనిలోనే యున్నది.

శిక్షణ వలదనువారికి మొదట నొక మాట. నగరములో వేలకు వేలు చెల్లించి బిడ్డను చదివింపగల గృహస్థునకు “పరీక్ష వలదు” అనుట సులభము. రెండెకరములు కౌలుకు చేయువాని బిడ్డకు నవోదయము తెఱచియున్న కొలదిపాటి తలుపులలో నొకటి. దానిని తట్టవద్దని చెప్పుట దయ యనిపించుకొనదు.

శిక్షణాలయమే కావలెననువారికి రెండవ మాట. జిల్లా యంతటికిని స్థానములు 80కి మించవు. మనము శిక్షణాలయము పెట్టినచో, ప్రక్క గ్రామమువారును పెట్టుదురు. స్థానము లొక్కటియు పెరుగవు. నెగ్గిన బిడ్డకు సర్కారే అన్నము పెట్టి చదువు చెప్పును. నెగ్గని బిడ్డ మాత్రము మన యూరి బడిలోనే మిగులును. అట్లయిన మన నిధి యెవరి యక్కఱ తీర్చవలెను?

ఈ విషయమున ఇంగ్లండు దేశపు చరిత్ర మనకు బుద్ధి గఱపును. 1944 విద్యాచట్టము పిదప నచ్చట పదునొకండేండ్ల ప్రాయమున పరీక్ష పెట్టి, నెగ్గినవారిని గ్రామర్ పాఠశాలలకును, తక్కినవారిలో నధికులను సెకండరీ మోడరన్ పాఠశాలలకును పంపిరి. గ్రామర్ పాఠశాలలు అనేక పేదబిడ్డలను పైకి తెచ్చినమాట వాస్తవము. కాని రెండవ తెగ పాఠశాలలకు ధనమును గౌరవమును కొఱవడెను. బిడ్డలలో నెక్కువమంది చదివినది వానియందే. తుదకు 1965లో ప్రభుత్వమువారే ఈ విభజనమును మానుడని స్థానికాధికారులను కోరిరి. నేడచ్చట గ్రామర్ పాఠశాలలు 163 మాత్రమే మిగిలినవి. వానిలో ప్రవేశమునకై అచ్చటి తలిదండ్రులును మనవలెనే ప్రైవేటు చెప్పించుచు, మనవలెనే వాదులాడుకొనుచున్నారు. మన దేశమున 1964–66 నాటి కొఠారీ సంఘము అన్ని తెగల బిడ్డలును ఒక్క బడిలో కూడి చదువు పద్ధతి కావలెనని సిఫారసు చేసినది. నెగ్గినవారి కీర్తి యెంత గొప్పదైనను, నెగ్గనివారి బడి యెట్లున్నదో చూడక ఏ విద్యావ్యవస్థ మంచిచెడ్డలను నిర్ణయింపరాదు.

మన పెద్దలకీ సంగతి క్రొత్తది కాదు. 1918లో రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారు హైదరాబాదున రెడ్డి వసతిగృహమును నెలకొల్పిరి. పల్లె బాలునకు పట్టణమున తలదాచుకొన చోటు చూపిన చదువు తానే సాగునని ఆనాటి కులసంఘముల తలంపు. అడ్డమున్నచోట దానిని తొలగించుట వారి పద్ధతి. నేటి యడ్డ మెక్కడ నున్నది? అయిదవ తరగతికి వచ్చియు, పుటెడు తెలుగును తడబడక చదువలేని బిడ్డయందున్నది. భిన్నము ననగా బెదరు బిడ్డయందున్నది.

ఇక పైన విప్పిన లెక్కను స్మరింపుడు. పరీక్షలో సగము మార్కులు లెక్కలకును చదివి గ్రహించుటకును చెందినవి. నవోదయము దొరకినను దొరకకున్నను ఈ రెండును బిడ్డకు బ్రదుకంతయు నుపకరించును. తక్కిన సగమగు బొమ్మల ప్రశ్నలకు కొన్ని వారముల యభ్యాసము చాలును. కావున మా సలహా లివి.

మొదటిది: మూడవ తరగతి మొదలు అయిదవ తరగతివఱకు, చేరగోరు ప్రతి బిడ్డకును, ఎంపిక యనునది లేక, సాయంకాలము లెక్కలును చదువును చెప్పించు తరగతి నొకటి విద్యానిధితో వర్నిలో నడుపవలెను. మన కులపు బిడ్డ ప్రక్కన కూలివాని బిడ్డయు, ఇతర కులముల బిడ్డలును కూర్చుండవలెను. ఒకే కాలువ నీరు త్రాగు పొలములకు గట్లు వేఱైనను తడి యొక్కటియే.

రెండవది: పరీక్షకు ముందు రెండు నెలలు, వ్రాయగోరు బిడ్డలకు మాత్రము బొమ్మల ప్రశ్నల యభ్యాసము చేయింపవలెను.

మూడవది: స్థానము రాని బిడ్డ తలిదండ్రులను పిలిచి తక్కిన దారులు తెలుపవలెను. 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేలున మొదలైన గురుకుల పద్ధతి నేడు రాష్ట్రమంతట వ్యాపించినది. పదవ తరగతి పిదప, 2008లో నేర్పడిన బాసర విద్యాలయము మనకు చేరువలోనే కలదు. అచ్చట గ్రేడు పాయింట్లు చూచి చేర్చుకొనిన యేండ్లలో, వసతిలేని సర్కారు బడులలో చదివినవారికి 0.4 అదనముగ కలిపిరి. ఊరి బడిలో చదువుట శాపము కాదని దీనివలన తెలియును.

నాల్గవది: ఈ సంచికలలో స్థానము పొందిన బిడ్డల ఛాయాచిత్రములు ముద్రించుట మనకు వాడుక. ఆ పుటను చూచి, స్థానము రాని బిడ్డ యింటిలో ముఖము దాచుకొనుట మనమెఱుగనిది కాదు. పదియేండ్ల ప్రాయమున ఓటమిని ముద్ర వేయుట పెద్దల పని కాదు. ఇకమీదట ఆ పుటకు బదులు, సాయంకాలపు తరగతిలో ఎందఱు బిడ్డలు చేరిరో, ఎందఱికి చదువుటయు లెక్కలు చేయుటయు వచ్చినదో ఆ లెక్కను ముద్రింపుదము.

పోషకులారా! కాలువ యోగ్యత తూముకడ తెలియదు. తూముకడ నీరెప్పుడును నిండుగనే యుండును. చివరి మడికి తడి యందినదా లేదా యని అడిగి గదా రైతు కాలువను మెచ్చుకొనును! విద్యానిధికి మీరిచ్చిన ప్రతి రూపాయిని ఆ కొలతతోనే కొలువుడు. ఈ నాలుగు సలహాలను తీర్మానములుగా నంగీకరింపవలసినదని సభవారిని ప్రార్థించుచు విరమించుచున్నాము.