లావెండర్ దిండు ఇంట్లోనే కుట్టుకోవడం: రెండుసార్లు పాడుచేసి మూడోసారి నేర్చుకున్నాను

ఈరోజు టేబుల్ మీద ల్యాప్‌టాప్ లేదు, గమనించారా? కుట్టు మిషన్ ఉంది. కాలు మిషన్. అమ్మది. నాకంటే వయసులో పెద్దది. "బీటెక్ చేసి, ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేసి, ఇప్పుడు దిండ్లు కుడుతున్నావేంట్రా" అని మా బాబాయ్ ఆల్రెడీ అడిగేశాడు. కాబట్టి మీరు అడగక్కర్లేదు.

అసలు ఇది ఎలా మొదలైందో చెప్తాను. మా నాన్న పోయి రెండేళ్ళు దాటింది. అప్పటికి నేనింకా జాబ్‌లోనే ఉన్నాను, కాకినాడలో ఇంటి నుంచే పని. ఆన్-కాల్ డ్యూటీ అంటే చేసినవాళ్ళకి తెలుస్తుంది. రాత్రి రెండింటికి ఎక్కడో సర్వర్ పడిపోతే ఇక్కడ మన ఫోన్ మోగుతుంది. అలా ఒక రాత్రి పని అయ్యాక మూడింటికి మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే, అమ్మ చీకట్లో కింద కూర్చుని వెల్లుల్లి రెబ్బలు వలుస్తోంది. లైట్ వేసుకోలేదేంటమ్మా అంటే, "నీకు మీటింగ్ కదా నాన్నా, నీ గదిలోకి వెలుగు పడుతుందని" అంది. మర్నాడు కూడా అంతే. కావాలని గమనించడం మొదలుపెడితే వారంలో ఐదు రాత్రులు అలాగే ఉంది. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

నేనేం చేశాను? మనం అందరం చేసేదే. ఫోన్ తీశాను, సెర్చ్ కొట్టాను, ఒక లావెండర్ దిండు ఆర్డర్ పెట్టాను. 1,200 రూపాయలు. ప్యాకెట్ మీద ఊదా రంగు పూల బొమ్మ. కుట్టు విప్పి చూస్తే లోపల పాలిస్టర్ దూది, దాని మీద సెంటు. ఒక్క పువ్వు లేదు. నాలుగో రోజుకి వాసన పోయింది. అమ్మ అయితే మొదటి రాత్రే, "ట్రావెల్స్ బస్సులో డ్రైవర్ ముందు వేలాడుతూ ఉంటుంది చూడు, ఆ వాసన" అని పక్కన పడేసింది.

అప్పుడు కోపం వచ్చి అసలు లావెండర్ అంటే ఏంటో చదివాను. ఇది తులసి, పుదీనా, మరువం ఉన్న కుటుంబంలోని మొక్కే. పొడిగా, చల్లగా ఉండే కొండ ప్రాంతాల్లో బాగా వస్తుంది. ఫ్రాన్స్‌లో ప్రోవాన్స్ అని ఫొటోల్లో చూస్తాం కదా, ఊదా రంగు చేలు. అంత దూరం వెళ్ళక్కర్లేదు, మన దేశంలోనే పండుతోంది. జమ్మూ వైపు డోడా జిల్లాలో భదర్వా అని ఒక లోయ ఉంది. అక్కడ మొక్కజొన్న వేసే రైతులు చాలామంది లావెండర్‌కి మారారు. జమ్మూలోని సీఎస్ఐఆర్ సంస్థ, ఐఐఐఎం అంటారు, అరోమా మిషన్ కింద మొక్కలు, నూనె తీసే యూనిట్లు ఇచ్చింది. పర్పుల్ రివల్యూషన్ అని న్యూస్‌లో వచ్చింది అదే. నేను కొన్న ఎండు పూలు అక్కడివే, 200 గ్రాములు 480 రూపాయలు.

మొక్క కూడా తెచ్చి పెట్టాను లెండి. కాకినాడ ఉక్కకీ వానలకీ రెండు నెలల్లో వేరు కుళ్ళి పోయింది. ఆ ఆశ పెట్టుకోకండి.

ఇంకో విషయం. పూల ప్యాకెట్ విప్పగానే అమ్మ వాసన చూసి, "ధనియాల డబ్బాలా ఉందేంట్రా" అంది. నేను నవ్వాను. తర్వాత చదివితే నవ్వినందుకు సిగ్గేసింది. లావెండర్ వాసనకి ముఖ్యమైన రెండు పదార్థాలు లినలూల్, లినలైల్ ఎసిటేట్. ధనియాల నూనెలో అన్నిటికంటే ఎక్కువ ఉండేది ఆ లినలూలే. ల్యాబ్ మెషీన్ చెప్పాల్సింది అమ్మ ముక్కు చెప్పేసింది.

సరే, దిండు. మొదటి వెర్షన్‌లో నేను చేసిన తప్పు, 200 గ్రాములూ ఒకేసారి దూదిలో కలిపేసి కుట్టేయడం. తల తిప్పినప్పుడల్లా కరకరమని చప్పుడు. వాసన ఎంత ఘాటు అంటే నాకే తలనొప్పి వచ్చింది. పైగా వాన రోజుల్లో దిండు చెమ్మెక్కింది. బూరుగు దూది దిండుని మనం ఎండలో పడేస్తాం కదా? కానీ లావెండర్‌ని ఎండలో పెడితే నూనె ఆవిరైపోతుంది. దూదికి ఎండ కావాలి, పువ్వుకి నీడ కావాలి. రెంటినీ కలిపి కుట్టేస్తే ఒకదాన్ని కాపాడాలంటే ఇంకోదాన్ని చంపాలి. కోడ్‌లో మనం టైట్ కప్లింగ్ అంటామే, అదే. ఐదేళ్ళు వేరేవాళ్ళ కోడ్‌లో ఆ తప్పు పట్టి, ఇంటికొచ్చి అదే చేశాను.

రెండో వెర్షన్‌లో పూలు వద్దని గలేబు మీద లావెండర్ నూనె చుక్కలు వేశాను. పసుపచ్చ మరకలు పడ్డాయి, అమ్మ చెంప మీద దద్దురు వచ్చింది. నూనె చర్మానికి నేరుగా తగిలేలా ఎప్పుడూ వేయకండి. ఇది సీరియస్‌గా చెప్తున్నాను.

మూడోది ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. దిండు మామూలు బూరుగు దూది దిండు. గలేబు విడిగా. గలేబు లోపల ఒక చిన్న జేబు. ఆ జేబులో లావెండర్ సంచి. మూడూ విడివిడిగా వస్తాయి. గలేబు ఉతుక్కో, దూదిని ఎండబెట్టుకో, సంచిని నీడలో ఉంచుకో.

ఇప్పుడు సంచికి గుడ్డ. పల్చటి మల్‌మల్ అయితే ఎండు పూల పొడి బయటికి రాలుతుంది. మందం గుడ్డ అయితే వాసన రాదు. చాలాసార్లు ఉతికిన, దగ్గర నేత ఉన్న నూలు గుడ్డ కావాలి. అమ్మని అడిగాను, అలాంటిది ఇంట్లో ఏముందమ్మా అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బీరువా తీసి నాన్న పంచె తెచ్చింది.

కలరా ఉండల వాసన వస్తోంది దానికి. అది పోవడానికే రెండు రోజులు నానబెట్టి ఉతకాల్సి వచ్చింది. ఆరాక, నేను కొలత గీసి కత్తెర పట్టుకున్నాను కానీ చెయ్యి ఆడలేదు. వద్దులే అమ్మా, కొత్త గుడ్డ కొందాం అన్నాను. అమ్మ కత్తెర నా చేతిలోంచి తీసుకుంది. "అంచు వైపు కాదు, నేత నిలువుగా చూసి కొయ్యాలి" అని ఒక్క దెబ్బకి కోసేసింది. ఆ రోజు దాని గురించి ఇంకేం మాట్లాడుకోలేదు.

కొలతలు రాసుకోండి. సంచికి 9 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ముక్కలు రెండు. మంచి వైపులు లోపలికి పెట్టి, చుట్టూ అర అంగుళం వదిలి కుట్టండి. ఒక చివర రెండు అంగుళాలు ఖాళీ ఉంచండి. మూలల దగ్గర మిగిలిన గుడ్డని ఏటవాలుగా కత్తిరించి తిరగేస్తే మూల నీట్‌గా వస్తుంది. కాగితం గరాటు చేసి 40 గ్రాములు పొయ్యండి, అంతే, సగం నిండితే చాలు. ఖాళీని చేత్తో కుట్టేయండి. పూలు పొయ్యకముందు జల్లెడ పట్టండి, దుమ్ము పోతుంది.

గలేబుకి, దిండు 24 బై 16 అంగుళాలు అనుకుంటే, 56 అంగుళాల పొడవు, 17 అంగుళాల వెడల్పు ఒకే ముక్క. ముందే ఉతికి ఆరేయండి, లేకపోతే కుట్టాక కుదించుకుపోతుంది. నేను అలా ఒకటి పాడుచేశాను, అది ఇప్పుడు మా మిక్సీకి ముసుగు. రెండు చివర్లూ అర అంగుళం చొప్పున రెండు మడతలేసి కుట్టాలి. జేబుకి 10 బై 7 ముక్క, అంచులు మడిచి, గలేబు లోపలి వైపు కుట్టేయండి, పై అంచు వదిలేసి. జేబు దిండు కింది వైపుకి, మూలకి రావాలి, సరిగ్గా తల కిందకి కాదు. తర్వాత రెండు చివర్లూ ఆరు అంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా, మంచి వైపు లోపలికి పెట్టి మడిచి, రెండు పక్కలా కుట్టి తిరగేయడమే. జిప్పు అక్కర్లేదు, గుండీలు అక్కర్లేదు.

వినడానికి ఈజీగానే ఉంది కదా? నాకు ఆ రెండు పక్కల కుట్టుకే గంటన్నర పట్టింది. గుడ్డ కింద దారం అంతా ఉచ్చులు ఉచ్చులుగా వచ్చేస్తోంది. కింద తప్పు కనపడుతోంది కాబట్టి తప్పు కిందే ఉందనుకున్నాను. బాబిన్ తీశాను, కేసు తుడిచాను, మూడు వీడియోలు చూశాను. అమ్మ వంటింట్లో కూర వేయిస్తూ, చూడకుండానే, "పాదం దించి దారం ఎక్కించావా?" అంది. అవును. "ఎత్తి ఎక్కించాలిరా. దించితే ఆ బిళ్ళలు మూసుకుపోతాయి, దారం వాటి మధ్యలోకి దిగదు." అంతే. పై దారం బిగువు లేకపోతే ఉచ్చులు కింద కనిపిస్తాయట. మిషన్ చప్పుడు విని చెప్పేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, కొంచెం ఇబ్బందిగానే ఉంది. బీటెక్ సెకండ్ ఇయర్‌లో హాస్టల్ ఫ్రెండ్ మీ అమ్మ ఏం చేస్తారని అడిగితే, హౌస్‌వైఫ్ అని చెప్పాను. నా ఫీజులో రీయింబర్స్‌మెంట్ పోను మిగతాది కట్టింది ఈ మిషనే. పండగల ముందు రాత్రి పన్నెండింటి దాకా జాకెట్లు కుట్టేది. నాకు జాబ్ వచ్చిన నెల, ఇంక కుట్టక్కర్లేదమ్మా అని నేనే గొప్పగా చెప్పి మిషన్ మీద దుప్పటి కప్పేశాను. తనకి ఇష్టమా కాదా అని అడగలేదు.

మరి నిద్ర సంగతేంటి అంటారా? నిజం చెప్తాను. మొదటి రాత్రి కూడా అమ్మ మూడింటికే లేచింది. వాసన బాగుంది, నిద్ర మాత్రం రాలేదు అంది. లావెండర్ వాసన నిద్రకి పనిచేస్తుందా అని చదివితే, స్టడీలు ఉన్నాయి కానీ చాలావరకు చిన్నవి. పైగా ఒక పెద్ద చిక్కుంది. మందు బిళ్ళకైతే ఉత్తి బిళ్ళ ఇచ్చి పోల్చి చూడొచ్చు. వాసనకి ఎలా? ముక్కుకి తెలిసిపోతుందిగా ఏది లావెండరో. కాబట్టి ఇది నిద్రలేమికి మందు అని నేను చెప్పను. ఎవరైనా గ్యారంటీగా చెప్తే నమ్మకండి. అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ముందు అడిగింది మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటారు అని. రెండు గంటలు. సాయంత్రం టీ ఎన్ని? రెండు. మధ్యాహ్నం నిద్ర తగ్గించమన్నారు, సాయంత్రం టీ ఆపమన్నారు, నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

మధ్యాహ్నం పడుకోకుండా ఉండటం అమ్మకి కష్టమైంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేది ఆ టైములోనే. అప్పుడు నా వంకర కుట్లు విప్పుతూ కూర్చునేది. తర్వాత తనే ఒకటి కుట్టింది. తర్వాత పిన్నికి ఒకటి, పక్కింటి ఆంటీకి ఒకటి. లావెండర్ అయిపోతే వట్టివేళ్ళు చిన్నగా తుంచి సంచిలో పోసింది. నన్నడిగితే మన ఉక్కకి అదే బెటర్‌గా ఉంది, ఖర్చు కూడా తక్కువ. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం నన్ను పిలుస్తుంది, కళ్ళజోడు మార్చాలి.

ఇప్పుడు వారంలో ఒకటి రెండు రాత్రులు లేస్తోంది. లేచినా వంటింట్లో లైట్ వేసుకుంటోంది.

ముగించే ముందు జాగ్రత్తలు. ఏడాది లోపు పిల్లల పక్కలో ఇలాంటి సంచులే కాదు, అసలు దిండే పెట్టకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే లావెండర్ వద్దు, దానికి మంచిది కాదు. ఆస్తమా, మైగ్రేన్ ఉన్నవాళ్ళు ఒక పూట గదిలో ఓ మూల పెట్టి చూసుకున్నాకే దిండులో పెట్టుకోండి. వాసన తగ్గితే సంచిని చేత్తో నలపండి, మళ్ళీ వస్తుంది. మాది అలా ఆరు నెలలు వచ్చింది. చెమ్మ తగిలి బూజు వాసన వస్తే మాత్రం ఆలోచించకుండా పూలు పారబొయ్యండి, సంచి ఉతుక్కోండి.

నాన్న పంచెలో ఇంకా సగం పైగా ఉంది. దాన్ని కొయ్యలేదు, మళ్ళీ మడిచి బీరువాలో పెట్టింది. ఈసారి కలరా ఉండలు తీసేసి ఒక లావెండర్ సంచి పెట్టింది.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ మిషన్ బెల్ట్ మార్చడం చూపిస్తాను, తెగిపోయేలా ఉంది. అమ్మ పక్కన కూర్చుంటానంది, కెమెరాలో కనిపించనని కండిషన్ పెట్టింది. గొంతు మాత్రం వినిపిస్తుంది మీకు, నన్ను తిడుతూ. ఉంటాను మరి, బై.