సుగ్గికి వచ్చినవాళ్లు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. పిల్లల ముందు పాఠం చెప్పడమే తెలుసు. ఉర్దూలో ఆలోచించి తెలుగులో మాట్లాడేవాణ్ణి కనుక ఎక్కడైనా మాట తడబడితే మన్నించవలెనని మనవి.

మన సంఘం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో చదువుకున్న కుర్రవాడొకడు ఎం.ఏ. ముగించి పరిశోధనలో చేరాడు. పేరు చెప్తే సిగ్గుపడతాడు, చెప్పను. కిందటేడు మా ఇంటికి వచ్చి, "సార్, వలసల మీద రాద్దామనుకుంటున్నా. గల్ఫ్ పోయినవాళ్ల మీద రాయమంటారా, హైదరాబాద్ పోయినవాళ్ల మీదా?" అని అడిగాడు. రెండూ మంచి విషయాలే. కానీ నేనన్నాను: "బేటా, జనవరిలో మన మిరపచేలకు కోతలకు వచ్చేవాళ్లది ఏ ఊరో ఎప్పుడైనా అడిగావా?" "కర్నూలోళ్లు గదా సార్!" అన్నాడు. మనమందరం అనేదీ అంతే. వాళ్లకు ఊరి పేరు గాని మనిషి పేరు గాని ఉంటుందని మనకు తోచదు.

వాళ్లది ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు. తుంగభద్ర పక్కనే పారుతున్నా చాలా పొలాలు వానమీద ఆధారమే. పత్తి తీయడం అయిపోయాక ఊళ్లో పని ఉండదు. ఇల్లు తాళం వేసి, ముసలివాళ్లను వదిలి, పిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరతారు. దీనిని వాళ్లు సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. ఉర్దూలో హిజ్రత్ అన్నా, తెలుగులో వలస అన్నా బరువైన మాటలు. సుగ్గి అంటే మాత్రం పండగకు పోతున్నట్టు వినబడుతుంది!

మనమూ ఒకప్పుడు ఇట్లా పోయినవాళ్లమే. మా తాతగారు వరి కోతలకు డెల్టాకు నడిచిపోయిన సంగతి చెప్పేవారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో, తర్వాత బోర్లతో, పోయేవాళ్ల సీమ వచ్చేవాళ్ల సీమ అయింది. పర్యావరణం అంటే ఏదో అడవుల గొడవ అనుకుంటాము. కాలువలో నీళ్లున్నాయా లేవా అనేదే ఇక్కడి పర్యావరణం. 2015-16లో, మళ్లీ 2023-24లో సాగర్‌కు నీళ్లు సరిగా చేరలేదు. 2021లో నల్ల తామర పురుగు పడి మిరప పూత రాలిపోయింది, తోటలకు తోటలే పీకేశారు. రైతుకు ఎంత నష్టమో మనం లెక్క వేసుకున్నాం. కోత లేక తిరిగిపోయిన కూలీలకు ఎంత నష్టమో ఎవరు లెక్క వేశారు? అక్కడ వాన లేక ఇక్కడికి వస్తారు. ఇక్కడా నీళ్లు లేకపోతే ఎక్కడికి పోవాలి? ఇదే నీ పరిశోధన ప్రశ్న అని ఆ అబ్బాయికి చెప్పాను.

లెక్కల సంగతి ఇంకా విచిత్రం. 2011 జనగణన ప్రకారం దేశంలో వలస వచ్చినవారు 45 కోట్ల పైచిలుకు. అందులో పెద్ద వాటా పెళ్లయి అత్తవారింటికి వచ్చిన ఆడవాళ్లది. ఆ జనగణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. సరిగ్గా మన కోతల కాలం! చేను గట్టున పట్టా కింద పడుకున్న కుటుంబాన్ని ఆ రోజుల్లో ఏ ఊరి లెక్కలో వేసి ఉంటారు? 1979లో వలస కూలీలకు ఒక చట్టం చేశారు, కానీ అది రాష్ట్రం దాటి వచ్చినవారికే వర్తించేది. కర్నూలు నుంచి పల్నాడు వచ్చినవాడు ఎంత దూరం వచ్చినా రాష్ట్రం దాటలేదు గదా! 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు చేలల్లో చిక్కుకుపోయి, ఆ తర్వాత బస్సులెక్కి వెళ్లినప్పుడే ఇంతమంది ఉన్నారని చాలామంది చూశారు.

మన కుర్రవాడు నలభై ప్రశ్నల కాగితం పట్టుకుని చేలోకి పోయాడు. "ఎందుకు వలస వచ్చారు?" అనేది ఒక ప్రశ్న. కరువు, అప్పు, పని లేకపోవడం అని జవాబులకు గళ్లు గీసి ఉన్నాయి. ఒక పెద్దామె, "మీరు పిలిస్తిరి, మేం వస్తిమి" అన్నదట. ఆ జవాబుకు కాగితంలో గడి లేదు! ఆ రాత్రి నా దగ్గరికి వచ్చి దిగులుగా కూర్చున్నాడు. కాగితం చించి కొత్తది రాయమన్నాను. పిలిచినవాణ్ణి అడగకుండా వచ్చినవాళ్లను మాత్రమే అడిగితే అది సగం పరిశోధన.

పిలిచినవారు ఎవరు? ఈ సభలో ముందు వరుసలో కూర్చున్నవారిలోనూ ఉన్నారు. నేనూ ఉన్నాను. కౌలుకిచ్చినా ఎకరం పొలం నాదే. ఖాళీ అయిన పురుగుమందు డబ్బాలో తాగే నీళ్లు పట్టుకోవడం ఆ పొలంలోనే నా కళ్లారా చూశాను. చూసి ఊరకున్నాను. ఆ డబ్బాను చేలో పారేసింది మనమే.

అక్కడే ఒక ఆడపిల్ల, తొమ్మిదేళ్లుంటాయి, నా చేతిలోని ఉర్దూ వాచకం చూసి గబగబా చదివింది. వాళ్ల ఊళ్లో ఉర్దూ బడిలో నాలుగో తరగతి. అక్కడ పేరు ఉంది, పిల్ల లేదు. ఇక్కడ పిల్ల ఉంది, పేరు లేదు. పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు పెట్టారు, మంచిదే. కానీ చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి ఈ పిల్లను తల్లి వెంట తెచ్చుకుంది. "మళ్లీ ఎప్పుడు బడి?" అంటే, "కాయ అయిపోయినాక" అన్నది.

కనుక సంఘానికి నా మనవి. ఈ కుర్రవాడు మీ చేలకు వస్తాడు. మేస్త్రికి ఎంత అడ్వాన్సు ఇచ్చారు, కూలి మనిషి చేతికి ఎంత ముట్టింది, నీళ్లు ఎక్కడివి అని అడుగుతాడు. కసురుకోకండి, ఉన్నది చెప్పండి. రాసింది అచ్చు కాకముందు ఇక్కడే చదివి వినిపించాలని అతనికీ షరతు పెట్టాను. ఇక సంఘం వెనుక గది సాయంత్రం పూట ఖాళీగా ఉంటున్నది. జనవరి నుంచి మార్చి వరకు ఇప్పిస్తే ఆ పిల్లలకు నేను చదువు చెప్తాను, తెలుగు చెప్పడానికి మరొకరు కావాలి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కార్యదర్శిగారు సభ అయ్యాక చెప్పగలరు.