ఒకే ఓడలోని వారము

మొదటి ఖుత్బా

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే. భూమిని పరచినవాడు, సముద్రానికి హద్దు నియమించినవాడు, ఆ రెంటి నడుమ మనకు జీవనోపాధిని అనుగ్రహించినవాడు ఆయనే. ఆయన చివరి ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక. అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా! ముందుగా నాకూ, మీకూ చేసుకునే హితబోధ ఒక్కటే: అల్లాహ్‌కు భయపడుదాం. ఏకాంతంలోనూ, నలుగురిలోనూ, నేలపైనా, నీటిపైనా ఆయన మనల్ని చూస్తున్నాడన్న ఎరుకే తఖ్వా.

సముద్రాన్ని మానవులకు వశపరచినది తానేనని అల్లాహ్ సూరా నహ్ల్ 14వ ఆయతులో తెలియజేశాడు. అందులోని తాజా ఆహారాన్నీ, ఆభరణాలనూ, ఓడల ప్రయాణాన్నీ గుర్తుచేసి, ఇదంతా మనం కృతజ్ఞులం కావడానికేనని ముగించాడు. సూరా రూమ్ 41వ ఆయతులో ఒక హెచ్చరిక ఉన్నది. నేలపైనా, సముద్రంలోనూ ప్రబలిన కల్లోలానికి మానవుల చేజేతుల సంపాదనే కారణమని, తమ కర్మల రుచిని కొంత చవిచూసి వారు మరలిరావాలన్నదే ఉద్దేశమని ఆ ఆయతు సారాంశం. సముద్రం ఒక అనుగ్రహమని మొదటి ఆయతు చెప్పింది. ఆ అనుగ్రహాన్ని పాడుచేసే చేతులు మనవేనని రెండవ ఆయతు చెప్పింది. తీరంలో నివసించే ప్రతి సమాజమూ ఈ రెండు ఆయతుల మధ్యనే జీవిస్తున్నది.

అలాంటి చోట మనుషులు కలిసి ఎలా బ్రతకాలి? ఈ ప్రశ్నకు దైవప్రవక్త (స) సహచరులలో ఒక బృందం చక్కని జవాబు చూపింది.

యమన్ దేశంలో అష్అరీ అనే తెగ ఉండేది. ప్రవక్త (స) వలస వార్త విన్న హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) తన ఇద్దరు అన్నలతోనూ, తెగకు చెందిన యాభై మందికి పైగా వ్యక్తులతోనూ ఓడ ఎక్కారు. ఆ ఓడ వారిని హబషా దేశానికి, నజాషీ రాజ్యానికి చేర్చింది. అక్కడ హజ్రత్ జాఫర్ (రజి) బృందంతో కలిసి ఉండి, హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ విజయం వేళకు ప్రవక్త (స) సన్నిధికి చేరుకున్నారు. తాము ఎంచుకున్న జీవితం కోసం పుట్టిన ఊరిని విడిచి, సముద్రాన్ని దాటి వచ్చిన వారు వీరు. అందుకే వారిని ఓడవారు అని పిలిచేవారు.

వీరిని ప్రవక్త (స) ఒక గుణానికి ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. దండయాత్రలో ఆహారం తరిగిపోయినా, మదీనాలో కుటుంబాలకు తిండి కొరవడినా, వారు తమ దగ్గర ఉన్నదంతా తెచ్చి ఒకే వస్త్రంలో పోసేవారట. ఆపైన ఒకే పాత్రతో కొలిచి అందరూ సమానంగా పంచుకునేవారట. వారు నావారు, నేను వారివాడిని అన్న భావంతో ప్రవక్త (స) వారిని తనవారిగా చెప్పుకున్నారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉన్నది.

సోదరులారా! ఇక్కడ ఒక విషయం గమనించండి. సమృద్ధిలో పంచుకోవడం సులభం. వారు పంచుకున్నది కొరత వచ్చినప్పుడు. ఎవరి దగ్గర ఎంత ఉన్నదో దాచుకునే వేళలో వారు వస్త్రం పరిచారు. కొలపాత్ర కూడా ఒకటే. పెద్దవాడికి పెద్ద పాత్ర, పేదవాడికి చిన్న పాత్ర లేదు.

ఇప్పుడు మరో ఓడను గుర్తుచేసుకుందాం. హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ప్రవక్త (స) ఒక ఉపమానం చెప్పారు. కొందరు చీట్లు వేసుకుని ఓడలో స్థలాలు పంచుకున్నారు. కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చాయి. కిందివారికి నీరు కావాలంటే పైవారి మీదుగా వెళ్లాలి. అప్పుడు వారు ఇలా ఆలోచించారు: మన వాటాలోనే ఒక రంధ్రం చేసుకుంటే పైవారిని ఇబ్బంది పెట్టనక్కర లేదు కదా! పైవారు వారిని ఆ పని చేయనిస్తే అందరూ మునిగిపోతారు. చేతులు పట్టుకుని ఆపితే అందరూ బ్రతుకుతారు.

ఈ ఉపమానంలో కిందివారు దుర్మార్గులు కారు. వారికి దాహం వేసింది. ఇతరులకు కష్టం కలిగించకూడదన్న ఉద్దేశం కూడా వారికి ఉన్నది. పైగా వారు తమ వాటాలోనే రంధ్రం చేయబోయారు. అయినా ఓడకు అడుగుభాగం ఒక్కటే. నా వాటా, నా ఇష్టం అన్న మాట ఓడలో చెల్లదు. అలాగే పైవారు చేయి పట్టుకుని ఆపి ఊరుకుంటే కిందివారి దాహం తీరుతుందా? తీరదు. ఆపిన చేతితోనే నీరు కూడా అందించాలి. అందించకపోతే రాత్రివేళ, ఎవరూ చూడనప్పుడు, ఆ రంధ్రం పడి తీరుతుంది.

ఈ రోజు నేను చెప్పదలచినది ఇదే. తీరంలో కలిసి జీవించేవారికి రెండు విధులున్నాయి. ఒకటి, హద్దు దాటే చేతిని ఆపడం. రెండు, ఆ చేతి ఆకలిని తీర్చడం. ఒకటి లేకుండా రెండవది నిలవదు.

తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్‌లో, పెంబా ద్వీపానికి పడమటి వైపున మిసాలీ అనే చిన్న దీవి ఉన్నది. ఆ పేరుకు అక్కడివారు నమాజు చాప అన్న అర్థం చెబుతారు. పెంబా గ్రామాల ముస్లిం జాలర్లు తరతరాలుగా ఆ దీవి చుట్టూ చేపలు పట్టి జీవిస్తున్నారు. కొందరు పేలుడు పదార్థాలతో వేటాడసాగారు. ఒక్క పేలుడుకు పెద్ద చేపతో పాటు పిల్లచేపలూ, అవి తలదాచుకునే పగడపు దిబ్బలూ నాశనమవుతాయి. 1998లో ఆ దీవిని సంరక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కేవలం చట్టంతో ఆగని దానిని ఆపడానికి, ఆ తరువాతి సంవత్సరాలలో మస్జిదుల ద్వారా, పెద్దల ద్వారా ఖుర్ఆన్ బోధనలను జాలర్ల ముందుంచారు. భూమిపై తాము ఖలీఫాలమని, సముద్రం తమ చేతిలోని అమానత్ అని వారికి గుర్తుచేశారు. అధికారి కన్ను కప్పవచ్చునేమో గాని అల్లాహ్ దృష్టిని తప్పించుకోలేమని గ్రహించిన జాలర్లు ఆ విధ్వంసక పద్ధతిని విడనాడసాగారు.

మన తీరం సంగతి చూద్దాం. ఆంధ్ర తీరంతో సహా తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలకూ, మోటారు పడవలకూ సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి సంతతిని పెంచుకోవడానికి ఇచ్చిన గడువు అది. రమజాన్ పగటివేళ మనం హలాల్ ఆహారాన్నే వదులుకుంటాం. అన్నం హరామ్ అయినందువల్ల కాదు, దానిని ఇచ్చినవాడు ఆగమన్నందువల్ల వదులుకుంటాం. ధర్మబద్ధమైన దానిని కూడా సమయాన్ని బట్టి విడిచిపెట్టడం నేర్చుకున్న సమాజానికి సముద్రం పాటించే ఉపవాసం అర్థం కానిది కాదు.

వల వేసేవాడు మాత్రమే దీనికి బాధ్యుడు కాడు. ఆ రోజుల్లో దొంగచాటుగా పట్టిన చేపను కొన్నవాడు, ఐసు వేసి తరలించినవాడు, పెట్టుబడి పెట్టినవాడు, తెలిసి వండుకున్నవాడు, వీరందరి చేతులూ ఆ రంధ్రం మీదనే ఉన్నాయి. మనలో వ్యాపారులున్నారు, పడవల యజమానులున్నారు, రొయ్యల చెరువులున్నవారూ ఉన్నారు. చెరువులోని ఉప్పునీరు పొరుగువాని పొలంలోకి, తాగే బావిలోకి ఊరుతున్నదా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. తీరాన్ని గాలివానల నుండి కాచే మడ అడవిని చెరువు కోసం నరికితే, తుఫాను నరికినవాని ఇంటిని ఎంచుకుని రాదు. ఊరంతటి మీదికీ వస్తుంది.

అల్లాహ్ మనందరినీ క్షమించుగాక. ఆయనను క్షమాపణ వేడుకోండి. ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కే స్తోత్రం. ఆయన ప్రవక్త (స) పై దరూద్, సలాం.

సోదరులారా! చేతిని ఆపడం గురించి విన్నాం. ఇక నీరు అందించడం గురించి. నిషేధ కాలంలో పడవ యజమానికి కాస్త నిల్వ ఉండవచ్చు. దినవాటా మీద బ్రతికే కళాసీకి, వల బాగుచేసేవానికి, తలమీద గంపతో చేపలమ్మే తల్లికి ఆ 61 రోజులు పొయ్యి ఎలా వెలగాలి? ప్రభుత్వ సహాయం కొందరికి అందుతుంది. జాబితాలో పేరు లేనివారు మిగిలిపోతారు. ఓడలో కింది అంతస్తువారు వీరే.

కనుక ఈ మస్జిద్ జమాఅత్ ముందు నేను ఒక విన్నపం ఉంచుతున్నాను. నిషేధం మొదలయ్యే లోపున మనం అష్అరీల వస్త్రాన్ని పరుద్దాం. బియ్యం, పప్పు, నూనె, రొక్కం, ఎవరికి వీలైనది వారు తెచ్చి ఒకచోట పోద్దాం. జకాత్‌ను అర్హులైన ముస్లిములకు, సదకాను మతభేదం లేకుండా తీరంలోని ప్రతి నిరుపేద కుటుంబానికీ అందిద్దాం. ప్రవక్త (స) చెప్పిన ఓడలో ఎవరే మతస్థులో చెప్పలేదు. మదీనా ఒడంబడికలో కూడా ఆయన ముస్లిములను, యూదులను ఒకే నగర రక్షణకు బాధ్యులుగా చేర్చారు. మన తీరంలో వేటకు వెళ్లేవారిలో అధికులు హిందూ, క్రైస్తవ సోదరులు. వారు మన పొరుగువారు, వారి హక్కు మనపై ఉన్నది.

ఇంట్లో చేయదగిన పనులు కూడా ఉన్నాయి. ప్రవక్త (స) సుమారు ఒక ముద్, అంటే రెండు అరచేతులు కలిపి పట్టిన దోసెడంత నీటితో వుజూ చేసుకునేవారు. తీరప్రాంతంలో బోరు నుండి తోడే నీరు మితిమీరితే ఆ ఖాళీలోకి సముద్రపు ఉప్పునీరు చొరబడుతుంది. తిప్పి వదిలేసిన కుళాయి మన బిడ్డల మంచినీటిని ఉప్పగా మారుస్తున్నది. కనుక ఈ మస్జిద్ వుజూఖానా నుండే పొదుపును మొదలుపెడదాం. మొక్క నాటండి. ఒక ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతనికి సదకా అవుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు.

ఒక్క మాటతో ముగిస్తాను. నేటి ట్యునీషియాలోని మొనస్తీర్ తీరంలో క్రీ.శ. 796లో హర్సమా బిన్ ఆయన్ ఒక రిబాత్ నిర్మించారు. అలాంటి రిబాతులలో మనుషులు తమంతట తాము వచ్చి చేరి, కలిసి ఆరాధిస్తూ, సముద్రం వైపు నుండి వచ్చే ముప్పును కనిపెట్టి చూసేవారు. ఒక నమాజు తరువాత మరో నమాజు కోసం నిరీక్షించడం కూడా రిబాతేనని ప్రవక్త (స) అన్నారు. కనుక మనం కూడా తీరాన్ని కాచేవారమే. ఆనాడు ముప్పు శత్రువు నౌకలలో వచ్చేది. నేడు అది మన చేతుల నుండే వస్తున్నది. వాటిని కనిపెట్టుకుని ఉండడమే మన రిబాత్.

ఓ అల్లాహ్! మా చేతులను హద్దులలో నిలుపు. మా హృదయాలలోని పిసినారితనాన్ని తొలగించు. సముద్రంలోకి వెళ్లినవారిని క్షేమంగా వారి ఇళ్లకు చేర్చు. గాలివానల నుండి మా తీరాన్ని, మా పొరుగువారిని కాపాడు. నీ అమానత్‌ను మా తరువాతివారికి చెడకుండా అప్పగించే శక్తిని మాకు ప్రసాదించు. ఆమీన్.