కొల్లేరులో ఎత్తు కొలిచారు, మనుషుల్ని లెక్కపెట్టలేదు

(లంక గ్రామాల దళిత సభలో చేసిన ప్రసంగం)



కొల్లేరు పక్షులది, మనుషులు లేవండి అంటున్నారు. పక్షితో మనకు పగ లేదు. ఆటపాకకు గూడబాతులొస్తే ముందు సంబరపడేది మన పిల్లలే. తాటి దోనెల మీద పోయి మావులు పెట్టుకున్నన్నాళ్లూ వడ్డీలూ మనమూ సరస్సును చంపలేదు. మరి చంపిందెవరు?

1970ల చివర్లో సర్కారు సహకార సంఘాలు పెట్టించి ఎస్సీలకూ వడ్డీలకూ చేపల చెరువులిచ్చింది. చేపపిల్లకూ మేతకూ డబ్బేది? డబ్బున్న ఆసాములొచ్చారు. చెరువులు లీజుకు పోయాయి. కాగితం మీద పేరు మనది, చేప వాళ్లది. మన చెరువు గట్టు మీదే మనం కాపలా కూలీలమయ్యాం.

1999లో సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు. 2006లో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ఆదేశాలతో గట్లు కొట్టేశారు. ఆసామికి పోయింది పెట్టుబడి. మనకు లీజు డబ్బూ పోయింది, కూలీ పోయింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఐదడుగుల్ని మూడుకు దించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. దించితే బయటపడే నేల ఎవరి చేతికి పోతుంది? పేర్లు తేల్చకుండా దించితే పాత లీజుదారే మళ్లీ దిగుతాడు. పైగా బుడమేరు, తమ్మిలేరు పొంగిన రోజు నీళ్లకు చోటు చాలక మునిగేది పల్లంలో ఉన్న మన పేటలే. అందుకని "మూడడుగులు" అనేది మన నినాదం కాదు.

మన మాట చట్టంలోనే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో ఎవరికేం హక్కులున్నాయో కలెక్టరు విచారించి తేల్చాలి. 24వ సెక్షన్ ప్రకారం, వన్యప్రాణి విభాగం ప్రధానాధికారితో సంప్రదించి, హక్కుల్ని లోపలే కొనసాగనివ్వొచ్చు కూడా. ఎత్తు కొలిచినోళ్లు ఈ లెక్క కూడా తీయాలి కదా!

మనం అడిగేవి మూడే.

ఒకటి: సంఘాల సభ్యుల జాబితా, ఆడవాళ్ల పేర్లతో సహా, గ్రామసభలో పైకి చదవాలి. బినామీలెవరో ఊరికే తెలుసు.

రెండు: మావులతో, వలలతో చేసే సంప్రదాయ వేటకు పేరుపేరునా హక్కు పత్రమివ్వాలి.

మూడు: పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల మురుగు కొల్లేట్లో కలపడం ఆపాలి. పక్షికీ మనకూ అదే నీళ్లు.

బడిలో పాఠాలు చెప్పుకునే మాలాంటివాళ్లం సెక్షన్లు చదివి అర్జీ రాసిపెడతాం. సంతకం పెట్టాల్సింది, కలెక్టరాఫీసు మెట్లెక్కాల్సింది పేటంతా. వచ్చే గ్రామసభకు వడ్డీపేటను కూడా పిలుచుకురండి. విడివిడిగా పోతే మళ్లీ ఎత్తే కొలుస్తారు.

జై భీమ్!