ఎక్స్ఛేంజి నుంచి రూటరు వరకు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి స్ట్రౌజరు, క్రాస్‌బార్ ఎక్స్ఛేంజీలలో పనిచేసిన వాళ్ళం. పదివేల లైన్లున్నా పదివేలమందీ ఒకేసారి మాట్లాడరన్నది మన లెక్కకు పునాది. డెన్మార్కు దేశస్థుడు ఎర్లాంగ్ 1909లో వేసిన బాట అది. రద్దీ గంటలో ఇంచుమించు పదోవంతు మందికి పరికరాలుంటే గడిచిపోయేది. మాట అయిపోగానే రిసీవరు పెట్టేస్తారు, పరికరం ఖాళీ అవుతుంది.

బ్రాడ్‌బ్యాండ్‌లో రిసీవరు పెట్టడమనేది లేదు. మనం నిద్రపోతున్నా, మోడెం వెలుగుతున్నంతసేపూ ఆ ఇంటి సెషన్ నడుస్తూనే ఉంటుంది. ఈ సెషన్లన్నీ చేరే పెద్ద రూటరును బ్రాస్ అనేవారు, ఇప్పుడు బి.ఎన్.జి. అంటున్నారు. ప్రతి ఇంటికీ అది ఒక ఖాతా తెరిచి ఉంచాలి. అడ్రసు ఏది, వేగమెంత, ఎంత వాడారు అన్నవి రాసుకోవాలి. లైను బ్రతికే ఉందా అని మధ్యమధ్య పలకరించాలి. కనుక పారే డేటాను బట్టే రూటరు శక్తిని కొలిస్తే చాలదు. ఎన్ని ఖాతాలు మోయగలదో కూడా చూడాలి.

ఇళ్ళను గుర్తించే వీలాన్ నెంబర్లు 4,094 మాత్రమే. అందుకని మన ఎస్.టి.డి. కోడు, లోకల్ నెంబరు లాగా రెండు నెంబర్లు కలిపి వేస్తారు. అప్పుడు లెక్క కోటీ అరవై లక్షలు దాటుతుంది.

అసలు పరీక్ష రూటరు ఆగి మళ్ళీ లేచినప్పుడు. ఉదాహరణకు 60,000 మోడెంలు ఒక్కసారిగా తలుపు తడతాయనుకోండి. సెకనుకు 100 మందిని లోపలికి తీసుకుంటే చివరివారికి 10 నిమిషాలు పడుతుంది. పాస్‌వర్డులు సరిచూసే రేడియస్ సర్వరు జవాబు ఆలస్యం చేస్తే అడిగినవే మళ్ళీ అడుగుతారు, భారం పెరుగుతుంది. అందుకే సెకనుకు ఇంతమందేనని హద్దు పెడతారు. డేటా పంపే పనిని, ఖాతాలు చూసే పనిని వేర్వేరు కార్డులకు అప్పగిస్తారు. సెషన్ల నకలు ఉంచుకునే స్టాండ్‌బై రూటరు పెడతారు.

అందరినీ ఒకే పెట్టెలో పెడితే ఖర్చు తగ్గవచ్చు, కాని అది ఆగిననాడు ఊరంతా ఆగుతుంది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక మన లైఫ్ సర్టిఫికెట్ కూడా ఈ దారినే వెళుతోంది. పరదేశంలోని పిల్లల పలకరింపూ ఇందులోనే. అందుచేత స్పీడు ఎంత అని అడిగినట్లే, స్టాండ్‌బై ఉందా అని కూడా అడగాలి.

చివరగా ఒక్క మనవి. కరెంటు వచ్చాక నెట్ రాకపోతే మోడెంను పదేపదే ఆపి వేయకండి. ఆపిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి అడగవలసి వస్తుంది. పది నిమిషాలు ఓపిక పట్టండి. అవసరానికి మొబైల్ ఫోను దగ్గర ఉంచుకోండి.