ధరల సూచిక – మన భత్యము
(సమాఖ్య శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గణాంకాలనగానే అవి పండితుల వ్యవహారమని మనలో పెక్కుమంది భావిస్తారు. కాని గ్యాంగ్‌మన్‌కు గాని, పోస్ట్‌మన్‌కు గాని లభించే కరువు భత్యం పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచికపై ఆధారపడి ఉన్నది. లేబర్ బ్యూరో సేకరించే ధరలలో లోపముంటే మన కుటుంబాల కంచాలలో మెతుకులు తగ్గుతాయి.

ఈ లెక్కలను సరిదిద్దే అంతర్జాతీయ కృషి నిన్న మొన్నటిది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యాన కార్మిక గణాంకవేత్తల ప్రథమ మహాసభ 1923లో జరిగింది. 1925లో జరిగిన రెండవ మహాసభ జీవన వ్యయ సూచికలపై తీర్మానం గావించింది. కుటుంబ వ్యయంలో ఏ వస్తువుకు ఎంత వాటా అన్న లెక్కను కనీసం 5 సంవత్సరాలకొకసారి పునఃపరిశీలించాలని 2003 నాటి 17వ మహాసభ సూచించింది.

1994–95 మెక్సికో సంక్షోభం పిమ్మట అంతర్జాతీయ ద్రవ్యనిధి 1996లో గణాంకాల ప్రకటనకు ప్రత్యేక ప్రమాణం నెలకొల్పింది. భారతదేశం అదే సంవత్సరం అందులో చేరింది. గణాంకాలు వెలువడే తేదీలను ముందే తెలుపడం అందలి ఒక నియమం. పెట్టుబడి పెట్టేవారికి సకాలంలో సమాచారం అందించడమే దాని ముఖ్యోద్దేశం. మంచిదే. కాని ఆ అంకెతో పొయ్యి వెలిగించుకొనే శ్రామికుని మాటేమిటి?

ప్రమాణానికీ ఆచరణకూ గల దూరం గమనించండి. మన దేశంలో 1982 ఆధార సంవత్సరంగా గల శ్రేణి 2006 వరకు నడిచింది. దాని తరువాతి 2001 శ్రేణి 2020 వరకు సాగింది. ఆ ఏడు సెప్టెంబరులో 2016 శ్రేణి వచ్చింది. ఆహార వర్గం వాటా 46.2 శాతం నుండి 39.17 శాతానికి తగ్గింది. ఆదాయం పెరిగినపుడు ఆ వాటా తగ్గడం సహజమే. అయితే బియ్యం, పప్పు, నూనెల ధరలు ఇతర వస్తువులకంటే వేగంగా పెరిగినపుడు సూచిక మునుపటంతగా పెరగదు. కనుక ఏ కుటుంబాలను, ఏ బజారులను చూచి ఈ వాటాలు నిర్ణయించారో అడగడం మన హక్కు.

ఇది కేవలం మన కోరిక కాదు. కార్మిక గణాంకాలపై 1985లో ఆమోదించిన 160వ ఒడంబడిక, పద్ధతులను రూపొందించేటపుడు, సవరించేటపుడు కార్మిక, యాజమాన్య ప్రతినిధి సంస్థలను సంప్రదించాలంటున్నది. భారతదేశం దానిని 1992లో ధ్రువీకరించింది. గణాంక విషయాలను ఎంచుకొని అంగీకరించే వీలు దేశాలకు అందులో ఉన్నప్పటికీ, సంప్రదింపుల సూత్రం మన చేతిలోని ఆయుధమే.

కావున ప్రతి శాఖ తన ఊరి బజారు ధరలను, ఇంటి అద్దెలను నెలనెలా పుస్తకంలో వ్రాసి ఉంచాలి. లెక్క వేసేవారు కూడా మనవంటి ఉద్యోగులే. వారిని నిందించడం మన పని కాదు. కోర్కెల పత్రంతో పాటు ఆధారాలు కూడా పట్టుకొని చర్చలకు వెళ్లే సంఘాన్ని ఎవరూ తేలికగా త్రోసిపుచ్చలేరు.